నేల ఊ కొట్టిన రోజు

ఒకప్పుడు నేలకు మహా మొహమాటం. ఎవరు తోసినా ఒదిగిపోయేదే తప్ప తిరిగి తోసేది కాదు. కాలు మోపితే కుంగేది. గెంతబోతే ఉన్నచోటే చతికిలబడేవాళ్ళు. ఇంక మనుషులెక్కడికి పోతారు? గాలి ఎటు విసిరితే అటు, వరద ఎటు ఈడిస్తే అటు. అదీ బతుకు!

అలాగే ఓ వరద నూకాలు అనే పిల్లనీ, ఆమె తాటిదోనెనీ ఈడ్చుకొచ్చి గోదారి మధ్య ఇసుక లంకలో పడేసింది. వరద తీసేసరికి నీళ్ళు కదలకుండా నిలిచిపోయాయి. అవతలి గట్టున అక్క పైడమ్మ చీమంత కనిపించేది. పొద్దువాలగానే "నూకాలూ... ఉన్నావటే?" అని కేకేసేది. "ఉన్నానక్కా!" అని నూకాలు అరిచేది. రోజంతటికీ ఆ ఒక్క మాటే. మిగతా పొద్దంతా పలకరించడానికి కాకి కూడా లేదు.

ఒకరోజు కేక రాలేదు. మర్నాడూ రాలేదు.

అక్కకేమైందోనని నూకాలు దోనె ఎక్కింది. దోనెలో నిలబడి వెదురుగెడతో అడుగు నేలని తోసింది. గెడ మెత్తగా దిగిపోయింది. దోనె బెత్తెడు కదిలితే ఒట్టు! మళ్ళీ తోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. కూలబడి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి, ఆ నిశ్శబ్దం భరించలేక, అక్క చెప్పే కథ ఒకటి మొదలెట్టింది. "అనగనగా ఓ పీతమ్మ..." అని ఆగింది. ఇంకో ముక్క చెప్పి మళ్ళీ ఆగింది. కథన్నాక ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా! లేకపోతే ఎలా సాగుతుంది?

"ఏమే నేలా! ఇందాకట్నించి వాగుతున్నా, ఊ కొట్టవేం? నోరు పడిపోయిందా?" అని కసిరింది.

నేల గతుక్కుమంది. "వింటూనే ఉన్నానమ్మాయ్. ఎదురు చెబితే అలిగి నాతో మాట్లాడరేమోనని నోరు మూసుకున్నా. ఎదురు తోయనిదీ అందుకే."

"ఓసి పిచ్చిదానా! ఊ కొట్టడం ఎదురు చెప్పడమా? ఊ అంటే నేనున్నానూ అని!"

"మరి ఎంత గట్టిగా కొట్టాలి?"

"నేనెంత గట్టిగా చెబితే అంత గట్టిగా. తగ్గకూడదు, మించకూడదు. కథయ్యాక కాదు, చెబుతుండగానే. అటు తిరిగి కాదు, నావైపు తిరిగి."

నేల సరేనంది. నూకాలు లేచి గెడ ఆనించి తోసింది. "ఊ" అంటూ నేల తిరిగి తోసింది. దోనె మూరెడు ముందుకి జరిగింది! ఇంకాస్త గట్టిగా తోసింది. "ఊఁ!" ఈసారి బారెడు!

నూకాలు పకపకా నవ్వింది. నేల నవ్వలేదు.

"నేను ఊ కొట్టేకొద్దీ నువ్వు గట్టు చేరిపోతున్నావు. అక్కడ నీకు ఊ కొట్టడానికి అక్క ఉంది. ఇంక నాతో ఎవరు మాట్లాడతారు?" అంది బెంగగా.

నూకాలు చేతిలో గెడ ఆగిపోయింది. ఒంటరితనం అంటే ఏమిటో ఆమెకి తెలుసు మరి.

"మానేస్తావా అయితే?" అంది మెల్లిగా.

"వద్దు. మీ అక్క ఏమైపోయిందో ఏమో. తొయ్యి" అంది నేల.

నూకాలు కళ్ళు తుడుచుకుని బలంకొద్దీ తోసింది. అంత బలంతోనూ నేల ఊ కొట్టింది. గట్టున కాలు మోపితే కుంగలేదు. పరిగెత్తుకెళ్ళి చూస్తే అక్క జ్వరంతో మూలుగుతోంది. చెల్లి చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు.

అప్పటినుంచే మనమెంత గట్టిగా తోస్తే నేల అంత గట్టిగా, ఆ క్షణంలోనే, ఎదురుగా మనల్ని తోస్తోంది. అందుకే నడుస్తున్నాం, గెంతుతున్నాం, కావలసినవాళ్ళ దగ్గరికి వెళ్ళగలుగుతున్నాం. మనం ముందుకి సాగినప్పుడల్లా నేల కూడా వెనక్కి జరుగుతుంది. రవ్వంతే, కంటికి ఆననంత. ఇందరిని సాగనంపుతూ అది మాత్రం ఇప్పటికీ ఒంటరిగానే ఉంది.