గాలి వైపు సగం

నంగ్యాల్‌కి ఆ సాయంత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తెల్లారితే లోయలోకెల్లా పెద్ద పోటీ. మఠం జట్టులో ఎవరు ఎంతటి ఆటగాడో తేల్చే లెక్క సరిగ్గా అప్పుడే కుదిరింది. కుదరడమే కాదు, అందులో మొదటి పేరు తనదే వచ్చింది.

అదొక బౌద్ధ మఠం, మంచుకొండల నడుమ. చలికాలం దాని వెనక మడుగు రాయిలా గడ్డకడుతుంది. కుర్ర సన్యాసులు కాళ్ళకి ఇనుప అంచుల బూట్లు బిగించుకుని దాని మీద ఐస్ హాకీ ఆడతారు. నేర్పేది తుప్తన్ లామా. మఠంలో తత్వం చెప్పేదీ ఆయనే. ఆయన రెండు పాఠాలకీ ఒకే గొంతు, ఒకే కసురు.

ఈ ఆటలో అందరూ ఒక్కసారే దిగరు. ఐదుగురు దిగుతారు, దమ్ము అయిపోగానే బయటికొస్తారు, బల్ల మీద కూర్చున్నవాళ్ళు దూకుతారు. ఎవరు ఎప్పుడు దూకాలో గురువుగారు వేలు చూపించి చెప్పేవారు. ఆ వేలే తంటా తెచ్చింది. చలికాలమంతా ఒక్క గోలైనా వెయ్యని స్కర్మని ఆయన మాటిమాటికీ దింపుతున్నారని, వాడంటే ఆయనకి మక్కువని కుర్రాళ్ళు గుసగుసలు పోయారు.

నంగ్యాల్ సన్యాసం పుచ్చుకోకముందు పట్నంలో స్టాటిస్టిక్స్ చదివినవాడు. ఊరుకుంటాడా? ప్రతి ఆటా రాసుకున్నాడు. ఒక్కొక్కడు మంచు మీద ఉన్నంతసేపూ మనం వేసిన గోల్స్ ఎన్ని, మన మీద పడినవి ఎన్ని. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వాడి విలువ. చూడండి, లెక్క తప్పని నేననను. కూడికా తీసివేతా చక్కగానే ఉన్నాయి.

"గురువుగారూ, ఇందులో మక్కువా లేదు, కోపమూ లేదు. అంకెలే మాట్లాడతాయి" అని కాగితం చేతికిచ్చాడు. మొదట నంగ్యాల్, చిట్టచివర స్కర్మ.

ఆయన పైనుంచి కిందికి చదివారు. "బాగుంది. రేపటి జట్టు నువ్వే వెయ్యి" అన్నారు.

మఠంలో ఉన్న బూట్లు జట్టుకి సరిపడానే. నంగ్యాల్ వెళ్ళి స్కర్మ కాళ్ళకున్న జత అడిగి తీసుకున్నాడు, వరుసలో వాడికంటే పైనున్న ఇంకొకడికి ఇచ్చాడు. స్కర్మ తనే తాళ్ళు విప్పి ఇచ్చేశాడు. ముఖం మాత్రం చిన్నబోయింది.

పొద్దున్నే లోయంతా కదిలి వచ్చేస్తోంది. డబ్బాలు మోగుతున్నాయి. పిల్లలు అప్పుడే గోడలెక్కేశారు. ఆట మొదలయ్యేలోగా మడుగు ఊడవాలి. అది అక్కడి ఆనవాయితీ, ఆడేవాళ్ళే ఊడ్చుకుంటారు.

"స్కర్మ రాడు కదా. వాడు ఊడ్చే సగం నువ్వు పట్టు. ఈ సగం నాది" అన్నారు గురువుగారు.

ఆయన సగం మఠం గోడ చాటున ఉంది. రెండో సగానికి అడ్డూ లేదు, ఆపూ లేదు. కొండ మీది పొడి మంచు గాలికి లేచి నేరుగా అక్కడే పడుతుంది. నంగ్యాల్ చీపురు పట్టి ఊపుగా ఊడ్చాడు. ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర మళ్ళీ తెల్లబడింది. మళ్ళీ పరిగెత్తాడు. చెమటలు కక్కుతూ ఊడుస్తున్నాడు, చేతులు పడిపోతున్నాయి, మంచు మాత్రం వస్తూనే ఉంది.

గురువుగారు ఎప్పుడో ముగించి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని వెన్న టీ తాగుతున్నారు.

"ఇటు చూడు, అటు చూడు. నీ పద్ధతిలోనే లెక్కకట్టి చెప్పు. ఇద్దరిలో బాగా ఊడ్చింది ఎవరు?"

నంగ్యాల్‌కి ఒళ్ళు మండింది. "అదేం న్యాయం గురువుగారూ? మీది గోడ చాటు. నా వైపు ఊడ్చేకొద్దీ పడుతోంది. నేనే గనక లేకపోతే ఈపాటికి ఇక్కడ మోకాలి లోతు ఉండేది."

అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడింది.

చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఇవాళ ఎదుట ఆడబోయే కింది లోయ జట్టులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వాళ్ళు కొట్టారంటే పక్కు, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, కంటికి ఆనదు, చప్పుడే వినిపిస్తుంది. వాళ్ళు దిగినప్పుడల్లా గురువుగారి వేలు ఎవరి వైపు లేచేదో ఇప్పుడు గుర్తొచ్చింది.

"మరి నన్ను ఎప్పుడు దింపేవారు గురువుగారూ?" అన్నాడు చిన్నగా.

ఆయన గోడ వైపు చూసి, ఇంకో గుక్క టీ తాగారు.

నంగ్యాల్ పరుగో పరుగు. బూట్లు తీసుకున్న కుర్రాడికి సంగతి చెప్పి, బతిమాలి, జత వెనక్కి తెచ్చాడు. స్కర్మ వంటింట్లో పెద్ద బాన తోముతున్నాడు.

"లే. తొడుక్కో."

"లెక్కలో నేనే ఆఖరు కదా" అన్నాడు స్కర్మ, తల ఎత్తకుండా.

"ఆ కొట్లాట తర్వాత పెట్టుకుందాం. ముందు కాలు ఇలా ఇవ్వు" అని నంగ్యాల్ కింద కూర్చుని తనే తాళ్ళు బిగించాడు. స్కర్మ మసి చేతులతో వాడి భుజం పట్టుకుని లేచాడు.

ఇక ఆట సంగతి ఏం చెప్పమంటారు. గోల్ పడితే కొండలు మారుమోగాయి. డబ్బాలు కొట్టి కొట్టి సొట్టలు పోయాయి. ముగిసే వేళకి మఠం ఒక్క గోల్ ముందుంది. సరిగ్గా అప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి మంచు మీదకి దూకారు. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

గురువుగారి వేలు స్కర్మ వైపు లేచింది. స్కర్మ దూకాడు.

పక్కనే నంగ్యాల్ కూడా లేచి నిలబడి, కర్ర పట్టుకుని ఆయన వైపు చూశాడు.

"నీ అంకె పడిపోతుందిరా" అన్నారు గురువుగారు.

ఆ మాట పూర్తయ్యేసరికి వాడు మంచు మీద ఉన్నాడు.