బువ్వ తిన్నావా అన్న చిలుక

అనగా అనగా ఒక రాజు. పేరు ధీరకేతుడు. రాజన్నాక ఏడుగురు కొడుకులుండాలంటారు గానీ, ఈయనకు ఇద్దరే కొడుకులు, మూడోది కూతురు. పేరు ముత్యాలి. కొడుకులకు కత్తులిచ్చారు, గుర్రాలిచ్చారు, గురువుల్నిచ్చారు. ముత్యాలికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. గాలివానకు తాటి తొర్రలోంచి జారిపడ్డ చిలుకపిల్ల ఒకటి దానంతటదే దొరికింది.

ఒంటిమీద ఈక లేదు, కళ్లు తెరవలేదు. ముత్యాలి పెసరపిండి జావ కాచి, మామిడాకు మడిచి, గంటగంటకూ నోట్లో పోసి బతికించింది. పోసేముందు ప్రతిసారీ "బువ్వ తిన్నావా?" అని అడిగేది. పిల్లకు రెక్కలొచ్చాయి, మాటొచ్చింది. వచ్చిన మాట అదొక్కటే. ఎదురైన ప్రతివాళ్లనీ "బువ్వ తిన్నావా?" అని పలకరించేది. తానూ మనిషినే అనుకునేది పాపం. దానికి చిగురు అని పేరు పెట్టుకున్నారు.

ఇలా ఉండగా కరాళుడనే మాంత్రికుడొచ్చి, భిక్ష ఆలస్యమైందని రాణిని రాయిని చేసి ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల వాడి కోట. వాడి ప్రాణం ఒక ముసలి చిలుకలో ఉంది. పెద్దకొడుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. మూడోసారి ముత్యాలి చెప్పులు తొడిగింది.

రాజు వద్దన్నాడు. కత్తిపట్టిన మగపిల్లలకే చేతకానిది నీవల్ల ఏమవుతుందన్నాడు.

"కత్తి పట్టుకెళ్లారు కనకనే రాలేదు నాన్నగారూ. నేను జావగిన్నె పట్టుకెళ్తాను" అని ముత్యాలి చిగురు పంజరాన్ని చంకనెత్తుకుంది.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు. ఏడు సముద్రాలూ దాటించడం దాని పని. రాజకుమారులిద్దరూ దాని వీపెక్కి ఇంకెంత దూరమని సతాయించారే గానీ, మంచీచెడ్డా అడిగిన పాపాన పోలేదు. చిగురు మాత్రం ఎక్కీ ఎక్కగానే "బువ్వ తిన్నావా?" అంది. తాబేలు మనసు కరిగింది. ఆరు సముద్రాలు ఈది, ఏడోదాంట్లో గుట్టు విప్పింది. ఆ చిలుకను చంపితే రాళ్లయినవాళ్లు ఎప్పటికీ రాళ్లే. అది తనంతట తాను పంజరం గడప దాటాలి. అప్పుడే మాంత్రికుడి ప్రాణం పోతుంది, వీళ్ల ప్రాణాలొస్తాయి. పెద్దవాడు పంజరంలో చేయిపెట్టి లాగబోయాడు. రెండోవాడు సంతలో అందమైన చిలుకను కొనుక్కెళ్లి తిన్నగా అందులోకే తోశాడు. ముసలిది దాని కాలు కొరికి, కోట దద్దరిల్లేలా అరిచింది. రెండుసార్లూ దాని అరుపు విని కరాళుడొచ్చాడు. అలా ఇద్దరూ రాళ్లయ్యారు.

ముత్యాలి ముక్కున వేలేసుకుంది. "కొత్త కోడల్ని వచ్చీరాగానే అత్తగారి మంచమ్మీద కూర్చోబెడతారా ఎవరైనా?"

కోటకు చేరి వచ్చిన పని చెబితే, కరాళుడు ఆమెను చూసి పగలబడి నవ్వాడు. డెబ్బై ఏళ్లుగా గడప దాటని చిలుక అది. మూడు రోజులు గడువిస్తానన్నాడు. మూడో పొద్దు గుంకేలోపు చిలుక బయటికి రాకపోతే ఆమెనూ చిలుకపిల్లనూ కలిపి ఒకటే రాయి చేస్తానన్నాడు. గడువులోపు అడ్డు రానని మాట కూడా ఇచ్చాడు. గర్వమున్నవాడికి మాటివ్వడం తేలిక.

కోట నిండా రాతి మనుషులు. అమ్మ, అన్నలు, ఇంకెందరో. ముసలి చిలుక పంజరమున్న గది తలుపు దగ్గర చేయి చాచిన రాతి యువకుడొకడు. మొదటిరోజు ముత్యాలి చిగురు పంజరాన్ని ఆ చేతికే తగిలించింది. ముసలిదానికి కొత్తది కనిపించాలి, అందకూడదు. గింజలు ముందు ముసలిదానికి వేసి, ఆ తర్వాతే చిగురుకు జావ పెట్టింది. ఇల్లు పెద్దదానిది మరి. ముసలిది ఈకలు రిక్కించి, బుసకొట్టి, గింజలు తన్నేసింది. మాంత్రికుడు నవ్వాడు.

"నవ్వు నాయనా, నవ్వు. ఇంకా రెండ్రోజులుంది నీకు" అంది ముత్యాలి.

రెండోరోజు కొంగు నడుముకు చుట్టి, రాతి యువకుణ్ణి పంజరంతో సహా నాలుగడుగులు ముందుకు తోసింది. మగవాణ్ణి ముందుకు కదిలించడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. పక్షులు రెండూ ఎదురెదురుగా తిన్నాయి. చిగురు తినడం, "బువ్వ తిన్నావా?" అనడం. ముసలిది మొహం తిప్పుకోవడం. డెబ్బై ఏళ్లుగా మాంత్రికుడు దాన్ని రోజూ అడిగింది నా ప్రాణం భద్రమేనా అని ఒక్కటే. దాని ఆకలి సంగతి అడిగిన నాథుడు లేడు. సాయంత్రానికి గింజలు తన్నడం మానేసింది. మరునాటికి బుసకొట్టడం కూడా మానేసింది.

మూడోరోజు ముత్యాలి రెండు పంజరాల తలుపులూ తీసి దూరంగా కూర్చుంది. పొద్దు వాలింది, ముసలిది కదల్లేదు. తెచ్చిన జావ అయిపోయింది. ముత్యాలి పాదాల్లోంచి రాతిచలి మోకాళ్లకెక్కింది. చేయిపెట్టి ఆ చిలుకను ఒక్క లాగు లాగాలనిపించింది. ఆ చేతిని ఒడిలో అదిమిపెట్టుకుంది.

ఆకలేసిన చిగురు కిందికి దిగి తప్పటడుగులేసుకుంటూ ముసలిదాని గడపముందు నిలబడింది. రెక్కలు టపటపలాడించి నోరు తెరిచింది. ముసలిది వంగి నెత్తిన ఒక్క పోటు పొడిచింది. ముత్యాలి ఊపిరి బిగబట్టిందే గానీ లేవలేదు.

"బువ్వ తిన్నావా?" అంది చిగురు.

ముసలిది గడపమీద కాలు పెట్టింది, తీసేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసేసింది. మూడోసారి దాటేసింది. తన గొంతులో నానిన గింజలు పైకి తెచ్చి, పిల్ల నోట్లో పెట్టింది.

అంతే. మాంత్రికుడి బట్టలు కుప్పకూలాయి. లోపల ఎవడూ లేడు.

రాళ్లు కదిలాయి. ముత్యాలి తల్లిని కావలించుకుంది. అన్నలు తలలు దించుకున్నారు. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "అమ్మాయీ, కాస్త ఈ పంజరం దించుతావా? మూడ్రోజులుగా చేయి పీకుతోంది."

ఆ యువకుడు భానుకీర్తి, పొరుగురాజు కొడుకు.

"మూడ్రోజులు బరువు మోసి ఒక్కమాట తూలలేదు. మొగుడంటే నీలా ఉండాలి" అంది ముత్యాలి.

"రాయిని కదా, నోరు పెగల్లేదు."

"ఆ అలవాటు మానుకోకు."

పెళ్లి ఏడురోజులు జరిగింది. ధీరకేతుడు కిరీటం తీసి కూతురికే పెట్టాడు. ముత్యాలి, భానుకీర్తి అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఆ ఇంట్లో పొద్దున తొలి గుప్పెడు ముసలి చిలుకకు, మలి గుప్పెడు చిగురుకు, ఆ తర్వాతే రాణికీ రాజుకూ. నిండు సభలో ఎవరు అడుగుపెట్టినా ముందు చిగురు పలకరింపే, ఆ తర్వాతే రాజకార్యం.

కథ తన గూటికి చేరింది. ఇంతకీ పిల్లలూ, మీరు బువ్వ తిన్నారా?