జబ్బుల్లేని కొండ

కూతురికి నెలలు నిండాయి. బుట్టలల్లే పైడమ్మ మూడు రోజులు నడిచొచ్చి, ఆ సంగతి చెప్పి తమ కొండకొక వైద్యుణ్ణి ఇమ్మని రాజుగారిని వేడుకుంది.

మంత్రి నవ్వాడు. "ఏడాదిలో మీ కొండ నుంచి నగర వైద్యశాలకు ఒక్క రోగీ రాలేదు. అంటే అక్కడ జబ్బుల్లేవు. మరి వైద్యుడెందుకే?"

అంతదూరం రోగి బతికి రావాలి కదా అనబోయి, పైడమ్మ ఆ మాట మింగేసింది.

"నిజమే దొరా! అంత మంచి చోటుండగా, మంచం పట్టిన రాజమాతను ఇక్కడుంచడమేంటి? రేపే మా కొండకు పంపండి!"

"భేష్!" రాజు ఎగిరి లేచాడు. "మంత్రీ, పల్లకీ సిద్ధం చేయించు!"

మంత్రి కంగారుగా అడ్డుపడ్డాడు. "వద్దు ప్రభూ! అక్కడ వైద్యుడు లేడు. అమ్మగారి ప్రాణానికే ముప్పు!"

రాజు మంత్రిని ఎగాదిగా చూశాడు.

"మరి ఈమె కూతురిది ప్రాణం కాదా?"

కొండమీదే కాపురముండమన్న ఆజ్ఞతో ఆ పూటే ఒక వైద్యుడు గుర్రమెక్కాడు. గుర్రానికి దారి చూపిస్తూ పైడమ్మ ముందు పరుగు తీసింది.