నల్లబండ వంతు

ఒక కొండ కింద రాళ్లు కొట్టేవాళ్ల గూడెం ఉంది. ఏడెనిమిది గుడిసెలు, అన్నిటికీ కలిపి ఒకటే నీటి బొట్టు. అవును, బొట్టే! ఒక నల్లబండ నెర్రెలోంచి టపటపా రాలేది. అన్నం ఉడికినంత సేపటికి ఒక కడవ నిండేది. వంతులేసుకుని పట్టుకునేవాళ్లు.

ఆ గూడెంలో ఒకడికి సందేహాల పుట్ట అని పేరు. వాన మొహం చూసి ఆరు నెలలైంది కదా, ఈ బొట్టు ఆగదేం? ఎక్కణ్ణుంచి వస్తోంది? ఇదే ఆలోచన, తింటున్నా పడుకున్నా. పైగా పెళ్లానికి ఏడో నెల. ఆ బరువుతో ఆమె ఎండలో వంతు కోసం కూచుంటే వాడి ప్రాణం ఉసూరుమనేది.

రాయి కొట్టేముందు సుత్తితో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వినడం వాళ్ల ఆచారం. ఖంగుమంటే గట్టిరాయి, బొంగురుగా పలికితే లోపల డొల్ల. నల్లబండను మాత్రం ఎవరూ తట్టి ఎరగరు. వాడు తట్టాడు. బొంగురుగా పలికింది.

"ఒసే, లోపల చెరువుందే!"

"ఉంటే ఉండనీ మావా. అడక్కుండానే ఇస్తోందిగా?"

"ఇంత పిసినారిగానా? నువ్వలా పడిగాపులు పడుతుంటే నేను చూడలేనే."

సమ్మెట ఎత్తాడు. నాలుగో దెబ్బకు బండ పగిలి నీళ్లు ఎగదన్నాయి. అబ్బో, ఏం సంబరం! వాణ్ణి భుజాలమీద ఊరేగించారు. మేకలక్కూడా తలంట్లు పోశారు. కడవలు నిండినా ఎవరూ పక్కకు జరపలేదు. జరపాల్సిన పనేముంది, నీళ్లే కదా!

మూడోరోజు పొద్దున్నే ధార సన్నబడింది, మధ్యాహ్నానికి ఆగిపోయింది. భుజాన మోసినవాళ్లే దుమ్మెత్తిపోశారు.

వాడు దివిటీ పట్టుకుని కంతలో దూరాడు. లోపల వాడి గుడిసెంత ఖాళీ. గోడల మీద తలెత్తున నీటి చార. పైన రాతిలోంచి ఒక వేరు కొస వేలాడుతోంది. దాని చివర ఒక చుక్క ఊరింది, ఉబ్బింది, ఊగింది, రాలింది. వాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇంత అందమైనది వాడెప్పుడూ చూడలేదు. దివిటీ ఆరేలోపు రాలినవి మూడే. ఈ గదిని నింపింది ఏ ముత్తాతల నాటి వానలో?

బయటికొచ్చి రాళ్లు పేర్చి, సున్నం మెత్తి కంత మూసేశాడు. పాత నెర్రెను కూడా వదల్లేదు.

"అయ్యో, అదెందుకు పూడ్చావు మావా? మన వంతు నీళ్లో?"

"మన వంతు మనం రెండు రోజుల్లో తాగేశామే."

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"మరి దీని వంతు?"

వాడు సుత్తితో మూడుసార్లు తట్టి బండకు చెవి ఆనించాడు. ఆమె కూడా వచ్చి పక్కనే చెవి పెట్టింది. ఎంతసేపటికో లోపల ఎక్కడో టప్‌మంది.

వాడు కడవ భుజానికెత్తుకుని, ఆమడ దూరంలో ఉన్న వాగు చెలమల కేసి ఒక్కడే బయల్దేరాడు.