వన్నూరమ్మ వేసిన తూకం

అనగా అనగా గడ్డమీదపల్లి అని ఒక ఊరు. అక్కడ వాన పడితేనే శెనక్కాయ పంట, లేకపోతే ఉత్త ఎర్రమట్టి. ఆ ఊళ్ళో వన్నూరమ్మ అని ఒక పిల్ల ఉండేది, బంగారూ.

పదో తరగతి సోషల్ పుస్తకంలో అర్థశాస్త్రం పాఠాలు ఉంటాయి. అందరూ పరీక్ష కోసం చదివి వదిలేసేవాళ్ళు. వన్నూరమ్మ మాత్రం వాటినే మళ్ళీ మళ్ళీ చదివేది. పండించినవాళ్ళకు ఎందుకు మిగలదు అని అందులో రాసి ఉండేది మరి. అది తమ ఇంటి సంగతే అనిపించేది ఆ పిల్లకు.

అప్పుడు ఇంటర్లో కూడా అదే చదువుతానంది.

"దాంతో డాక్టరవుతావా?" అంది అమ్మ. కాదంది. "ఇంజనీరన్నా అవుతావా?" అంది మేనత్త. కాదంది. "మరేమవుతావ్ పాపా?" అన్నాడు నాయన.

"తెలీదు నాయనా," అంది. పాపం, అయినా ఆయన చదివించాడు.

ఆ తర్వాత డిగ్రీ అయింది. ఉద్యోగం పరీక్ష రెండుసార్లు పోయి, మూడోసారికి గట్టెక్కింది. పంట దిగుబడి కొలిచే ఉద్యోగం. ఊరికి మూడు చేలను చీటీలు తీసి ఎంచుతారు. ఆ చేలో తాడుతో కొంత నేల కొలిచి, అందులో చెట్లు పెరికి, కాయలు తూకం వేయాలి. ఆ మూడు తూకాల సగటును బట్టే ఊరంతటికీ పంట పోయిందా లేదా అని తేలుస్తారు. పోయిందంటేనే బీమా.

ఎండల్లో ఊరూరా తిరిగి తిరిగి వన్నూరమ్మ మడమలు పగిలిపోయాయి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే ఆమెకు సొంత ఊరు పడింది. మొదటి చేలో గుప్పెడు కాయలు. రెండో చేలో అదీ లేదు. మూడో చీటీ ఓబులేసు చేనుకు వచ్చింది. ఊరు మొత్తంలో బోరు ఉన్నది అదొక్కదానికే. అది పచ్చగా ఉంది.

జనం గట్టు మీద చేరారు. "పక్క చేలో పెరుకమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారు. చేను ఎండిపోయిన లింగమ్మవ్వ వచ్చి వన్నూరమ్మ చేతులు పట్టుకుంది. అందరి వెనక నాయన నిలబడ్డాడు. ఆయన చేనూ ఎండిందే. ఆయన అడిగి ఉంటే వన్నూరమ్మ ఏదో ఒకటి చెప్పేది.

ఒక్క ఊరికి అబద్ధం రాస్తే, ఇంకే ఊరి తూకాన్నీ ఎవరూ నమ్మరని వన్నూరమ్మకు తెలుసు. చివరికి ఓబులేసు చేలోనే తాడు పరిచింది. ఉన్నది ఉన్నట్టు రాసింది.

"ఇందుకా తల్లీ నువ్వు చదివింది?" అంది లింగమ్మవ్వ.

ఆ ఏడు ఊరికి బీమా రాలేదు. నాయన కూతురితో మాట్లాడటం మానేశాడు.

అప్పుడు వన్నూరమ్మ పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. బోరు చేలకూ వాన చేలకూ వేరువేరుగా చీటీలు వేయాలని. జవాబు లేదు. మళ్ళీ రాసింది. "చూస్తాం" అన్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఎక్కడ ఎన్ని బోర్లున్నాయో పట్టిక కట్టి, తనే పట్టుకెళ్ళింది. పెద్దాఫీసరు మొత్తం చదివాడు. "ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరూ చెప్పలేదే," అన్నాడు.

మరుసటేడు చీటీలు వేరయ్యాయి. ఆ ఏడూ వానలు లేవు. ఈసారి బీమా వచ్చింది. కానీ పోయిన ఏటిది పోయినట్టే, బంగారూ. లింగమ్మవ్వ కొడుకు అప్పటికే బెంగుళూరుకు కూలికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు సొంత ఊళ్ళో చివరి తూకం అయిన మధ్యాహ్నం, నాయన చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "కూచో పాపా. ఏం చదివినావో ఇప్పుడన్నా చెప్పు నాకు," అన్నాడు.

వన్నూరమ్మ గట్టు మీద కూలబడింది. చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలైనా కాకముందే కూచున్నచోటే కళ్ళు మూతలు పడ్డాయి. నాయన లేపలేదు. తువ్వాలు విప్పి, ఆమె మీద ఎండ పడకుండా పట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

కథేమో కంచికి బస్సెక్కింది,
నిద్దరేమో మనింటి మెట్టెక్కింది.