నిండుకున్న కాగు

పైడిలంక రేవులో పడవ దిగి గట్టెక్కగానే కనిపించే పెంకుటిల్లే మగపిల్లల వసతి బడి. వసతి బడి అంటే పిల్లలు చదువుకున్న చోటే తిని, అక్కడే పడుకునే బడి. చూడవచ్చిన చిన్నారులు గంటనూ తరగతి గదులనూ దాటి తిన్నగా వంటశాలకు పోతారు. అక్కడ పీటమీద పసుపు పూసిన పెద్ద మట్టికాగు ఉంది. దానికి అందరూ దండం పెడతారు గాని, లోపల ఏ దేవుడున్నాడని అడిగితే చెప్పేవారు తక్కువ.

పూర్వం ఇక్కడ సూరాయమ్మ అనే వంటమ్మ ఉండేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ముప్ఫైమంది పిల్లల్లో ఎవడు ఇంటిమీద బెంగతో రెండు ముద్దలు తక్కువ తిన్నాడో విస్తరి చూసి చెప్పేది. పెద్దమేష్టారు సదానందంగారు రంగూనులో పుట్టి పెరిగినవారు. తెలుగు పుస్తకాలెన్నో చదివారు గాని, తెలుగువారి వంటింటి మాటలు ఆయన చెవిన పడలేదు.

ఒక శ్రావణంలో గోదావరి పొంగింది. లంకల్లో ఇళ్ళు మునిగి జనం గట్టుమీదికి చేరారు. బడికి బియ్యం తెచ్చే పడవ రాలేదు. నాలుగోనాటి పొద్దున సూరాయమ్మ బియ్యం పోసుకునే కాగులో చెయ్యి పెడితే అడుగు తగిలింది. వంటింట్లో 'లేవు' అంటే లక్ష్మి అలుగుతుందని మన పెద్దలు ఆ మాటను తిరగేసి 'నిండుకున్నాయి' అంటారు. ఆమె కూడా అలాగే అంది.

"బియ్యం నిండుకున్నాయండి, మేష్టారండీ."

మేష్టారి ముఖం వెలిగింది. నిండుకోవడమంటే నిండడమే కదా అనుకున్నారాయన! "అయితే ఇంకేం!" అంటూ గొడుగైనా తీసుకోకుండా గట్టుమీదికి పరుగెత్తారు. ఉన్న పిల్లలకే మధ్యాహ్నం ఏం పెట్టాలో తెలియక ఏడుపొస్తుంటే ఈయన ఎక్కడికి? సూరాయమ్మ గరిటె చేత్తోనే వెంటపడింది.

ఆమె అందుకునేలోపే ఆయన చేతులెత్తి అరిచారు. "మా బడిలో బియ్యం నిండుకున్నాయి! మీ పిల్లలందరినీ భోజనానికి పంపండి!"

గట్టుమీదున్న చేపలమ్మే పోలమ్మ కళ్ళొత్తుకుంది.

"ఆళ్ళకే బియ్యం నిండుకున్నాయంట. అయినా మన పిల్లల్ని రమ్మంటన్నారే! మనం సూత్తా కూకుందామా?" అని పక్కవాళ్ళతో అంటూ, వరదలోంచి కొంగున కట్టి తెచ్చుకున్న బియ్యం విప్పి బిడ్డ దోసిట్లో పోసింది. ఆమెను చూసి ఇంకొకరు, తర్వాత మరొకరు. పిల్లలు నిండు దోసిళ్ళతో బడిదాకా బారులు తీరారు.

"ఉన్నచోటికే ఎందుకమ్మా తెస్తున్నారు?" అని మేష్టారు ఆశ్చర్యపోయారు. సూరాయమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆమె నోరు మెదపకపోవడం జన్మలో అదే మొదలు.

అందరూ కడుపునిండా తిన్నాక కూడా కాగులో బియ్యం అంచుదాకా ఉన్నాయి. "ఇప్పుడెలా ఉన్నాయమ్మా?" అని మేష్టారు అడిగారు. సూరాయమ్మ 'నిండు...' అనబోయి నాలుక కరుచుకుంది. మళ్ళీ ఆ మాటంటే ఈసారి ఏ ఊరిని పిలుచుకొస్తారో! మారుమాట లేకుండా ఆయన చెయ్యి పట్టుకుని మోచేతిదాకా బియ్యంలో ముంచింది.

నాటినుంచి బడిలో చేరే ప్రతి పిల్లవాడూ ఇంటినుంచి దోసెడు బియ్యం తెచ్చి ఈ కాగులో పోస్తాడు. వంటమ్మ వాడి చెయ్యి పట్టుకుని మోచేతిదాకా ముంచుతుంది. అంతవరకూ ఎవరూ మాట్లాడకూడదు. అలా చెయ్యి ముంచినవాడికి ఎక్కడికెళ్ళినా అన్నానికి కొదువ ఉండదనీ, అమ్మమీద బెంగ ఆ పూటకే తీరుతుందనీ నమ్మిక. తీరకపోతే మొదటి ముద్ద వంటమ్మే కలిపి తినిపిస్తుంది.