గట్టు మీది పడవ

తీతు ఆ పొద్దున బైబిలు తెరవలేదు. గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, ఇచ్చినాయనకే తిరిగిచ్చేద్దామని బయల్దేరాడు. ఇచ్చినాయన ఉపదేశి బర్నబాగారు. ఏటి మధ్య ఆ లంకలో చర్చి ఇంకా తాటాకు పాకగా ఉన్ననాటి నుంచీ వాక్యం చెబుతున్న ముసలాయన.

తీతు పడవ నడిపేవాడు. తాగేవాడు కూడా. లంకలో కల్లు దొరకదు గానీ అవతలి రేవులో పాక ఉంది, చేతిలో పడవ ఉంది, ఇంక అడ్డేముంది? భార్య సుగుణమ్మ చూసి చూసి, విసిగి, అవతలి ఒడ్డునే ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పటికి గానీ తీతుకి తెలివి రాలేదు. క్రిస్మస్ వెళ్ళగానే పడవని గట్టు మీదికి లాగి ఎండకి వదిలేశాడు. పడవే లేకపోతే పోయేదెలా, తాగేదెలా అని. ఏ పడవవాడూ చెయ్యకూడని పని అది. తెలిసే చేశాడు. కొబ్బరితోటల్లో కూలికి పోతూ, రోజూ పొద్దున్నే ఒక అధ్యాయం చదువుతూ వచ్చాడు.

ఇప్పుడు సుగుణమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈస్టరు పండక్కి వస్తుందట. నువ్వే వచ్చి తీసుకెళ్ళు, నోరు వాసనొస్తే మాత్రం పడవెక్కను అందిట. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి ఆ కబురు విని చతికిలబడ్డాడు. వాళ్ళింటికి దారి కల్లుపాక ముందు నుంచే.

బర్నబాగారు అరుగు మీద కూర్చుని ఆయాసపడుతున్నారు. ఆయనా అలిసిపోయిన మనిషే. ఎంతోమంది చేత తాగుడు మాన్పించారు, వాళ్ళలో చాలామంది మళ్ళీ తూలుతూ రావడమూ చూశారు. తిట్టే ఓపిక ఎప్పుడో పోయింది.

"వందనాలండి అయ్యగారూ."

"వందనాలు. కూర్చో."

తీతు కూర్చోలేదు. మూట అరుగు మీద పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి. నా వల్ల కాదండి."

"ఏమైందిరా?"

"నిన్నటిదాకా ఒక్క పొద్దు కూడా మానకుండా చదివానండి. సగం అర్థం కాదు. ఇప్పుడు లేవీయకాండంలో ఉన్నాను. బలిచ్చిన గొడ్డులో ఏ కొవ్వు కాల్చాలో, ఏ మాంసం ఎవరు తినాలో, అంతా అదేనండి. అర్థమైన ముక్క కూడా మధ్యాహ్నానికి నిలవదు. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు రేవుకే పోతాయి. నిన్న పరాయివాడి పడవలో ఒక కాలు పెట్టేశానండి. తియ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంక నాకు ఓపిక లేదండి."

బర్నబాగారు చేతికర్ర అందుకున్నారు.

"పద, నీ పడవ చూద్దాం. ఆ మూట ఇక్కడొద్దు, ఎలకలు కొరుకుతాయి. పట్టుకురా."

గట్టు మీద పడవని చూసి తీతు తల దించుకున్నాడు. చెక్కలు ఎండి ఒకదానికొకటి ఎడమైపోయాయి. సందుల్లోంచి అవతలి ఇసక కనబడుతోంది. కట్టేసి మేత వెయ్యని గొడ్డుని చూసినట్టయింది.

"దీంట్లో వెళ్తే?"

"రేవు దాటకుండానే మునుగుతామండి."

పక్కన పాత డబ్బా ఒకటి పడి ఉంది. బర్నబాగారు దాన్ని తీసుకుని మెల్లగా ఏట్లోకి దిగి, నింపుకొచ్చి పడవలో పోశారు. నీళ్ళన్నీ సందుల్లోంచి ఇసకలోకి కారిపోయాయి. మళ్ళీ దిగారు. మళ్ళీ పోశారు. మళ్ళీ కారిపోయాయి. ఆయన ఆయాసం చూడలేక తీతు డబ్బా లాక్కున్నాడు.

"మీరు కూర్చోండి, నేను పోస్తాను."

ముసలాయన పడవ నీడన కూలబడ్డారు. తీతు తోడుతూనే ఉన్నాడు, పోస్తూనే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది.

"ఏరా, అంతా కారిపోతోందిగా. దండగమారి పని. ఆపెయ్యరాదూ?"

తీతుకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

"పడవల సంగతి మీకు తెలీదండి అయ్యగారూ. కారిపోతే పోనివ్వండి. పోయేముందు చెక్కని తడుపుద్ది కదండి. తడిసిన చెక్క ఉబ్బుద్ది. ఇయ్యాలా పోసి, రేపూ పోసి, అలా పోస్తా ఉంటే చెక్కలు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయండి. అప్పుడు కింద ఎంత ఏరున్నా లోపలికి చుక్క..."

మాట అక్కడే ఆగిపోయింది.

బర్నబాగారు ఏమీ ఎరగనట్టు ఏటి వైపు చూస్తున్నారు. ఎంత గడుసు ముసలాయన! పుట్టిందీ పెరిగిందీ ఆ లంకలోనే, ఆయనకి పడవల సంగతి తెలియదంటే నమ్మేదెవరు?

తీతు డబ్బా కింద పెట్టాడు. తడి చేతులు లుంగీకి బాగా తుడుచుకుని మూట విప్పాడు. నిన్న ఆపిన చోటు వెతుక్కుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదలుపెట్టాడు. మళ్ళీ కొవ్వే. అయినా చదివాడు.

బర్నబాగారు కర్ర ఊతం చేసుకుని లేచారు. "రేపూ పొయ్యాలి కదా?"

"పొయ్యాలండి."

"నన్ను పిలవకు. నడుం పట్టేసింది."

పండక్కి ముందురోజు తీతు ఏరు దాటాడు. కల్లుపాక ముందు కాళ్ళు తడబడ్డాయి, అబద్ధమెందుకు. కానీ ఆగలేదు.

వాళ్ళింటి నుంచి రేవుకి తిరిగొచ్చాక సుగుణమ్మ ఎదురుగా నిలబడి అతని మొహంలోకి ఒకసారి చూసింది, దగ్గరికొచ్చి ఊపిరి పీల్చింది, సంచీ పడవలో పెట్టి ఎక్కింది. ఏటి మధ్యకొచ్చాక అడుగు చెక్కల మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఎండలో పడేశావని చెప్పారే. చుక్క ఊరలేదే?"

"రోజూ నీళ్ళు పోశాను," అన్నాడు తీతు.